నల్లబడిన పన్ను - దానిని తెల్లబరచు మార్గములు



గ్రామములలో నలుగురికి మంచిచెడ్డలు చెప్పు పెద్దలతో నేడు ఒక చిన్న విషయమును గూర్చి ముచ్చటింపదలచితిని. చిన్నదని యంటిని గాని, అది యెవరి నోట నున్నదో వారికి చిన్నది కాదు. ముందుపండ్లలో ఒక్కటి మాత్రము బూడిదవన్నెగనో, గోధుమవన్నెగనో, నీలిచాయగనో మారి, తక్కిన పండ్లనడుమ వేరుగ కనబడుట మీరు చూచియే యుందురు. అట్టి పన్ను గలవారు నవ్వవలసినచోట పెదవి బిగింతురు. మాటలాడునప్పుడు చేయి అడ్డము పెట్టుకొందురు. ఆ పన్ను ఏల నల్లబడినది, దానిని మరల తెల్లబరచుటకు ఏ మార్గములు కలవు, వానిలో ఏది మొదటిది, ఏది కడపటిది అనునదియే నేటి నా ప్రసంగవిషయము.

నేను వైద్యుడను కాను. ఎల్లారెడ్డి ప్రాంతపు పల్లెబడులలో ముప్పదియేండ్లకు పైగా తెలుగు చెప్పి, ఇప్పుడు విశ్రాంతి తీసికొనుచున్న పంతులును. ఈ విషయమును నేను గ్రంథములకంటె ముందు నా తప్పువలన నేర్చుకొంటిని. కనుక ఆ తప్పునే మొదట విన్నవించెదను.

సుమారు ముప్పదియేండ్ల క్రిందటి మాట. మధ్యాహ్నవిరామమున పిల్లలు బోరింగువద్ద నీళ్లకొరకు త్రోసికొనుచుండగా దాని పిడి పైకి లేచి ఒక బాలుని మూతికి తగిలెను. పెదవి చిట్లి నెత్తురు కారెను. పైపన్ను ఒకటి కొంచెము కదలెను గాని ఊడలేదు. నోరు కడిగించి, తడిగుడ్డ అదిమిపెట్టి, నెత్తురు నిలిచిన పిదప వానిని ఇంటికి పంపితిని. కొన్ని నెలలకు ఆ పన్ను బూడిదరంగునకు తిరిగెను. వాని తండ్రి చెరకుబండి తోలుకొని పోవుచు బడివద్ద ఆగి, "సారూ, పోరని పన్ను నల్లగైతున్నది, దవాఖానకు తోల్కపోవాల్నా?" అని నన్నడిగెను. నొప్పి యున్నదా యని నేనడిగితిని. లేదనెను. "నొప్పి లేదు గదా, ఇగ దవాఖాన ఎందుకు?" అంటిని. అతడు నా మాటను వేదవాక్యముగ గైకొని బండి తోలుకొని వెడలిపోయెను.

ఆరేడేండ్లు గడచినవి. బాలుడు యువకుడయ్యెను. ఒకనాడు ఆ పంటిపై చిగురున చీముపొక్కు లేచి, పెదవియు ముక్కుప్రక్కయు వాచి, జ్వరము వచ్చెను. కామారెడ్డికి తీసికొనిపోవునప్పటికి ఆ పంటివేరు చుట్టును ఎముక చాలవరకు కరగిపోయి యుండెను. పన్ను దక్కలేదు. ఆ సందుతోడనే అతడు బ్రతుకుతెరువునకై గల్ఫు దేశమునకు పోయెను. సెలవులకు వచ్చినప్పుడు నన్ను చూచి ఆప్యాయముగ నవ్వును. ఆ సందు నాకు కనబడును. నేను పలికిన ఆ ఒక్క వాక్యము నేటికిని నా మనస్సును పొడుచుచుండును.

ఇందు నేను గ్రహింపనిది ఏమనగా: నలుపు రోగము కాదు, రోగమును తెలుపు వార్తాహరుడు. చచ్చిన పంటికి నొప్పి యెట్లుండును? నొప్పి తెలుపవలసిన నరమే చచ్చినది గదా! నొప్పి లేకుండుట ఆరోగ్యచిహ్నమని నేను తలచితిని; ఆ పంటి విషయమున అదియే మరణచిహ్నము.

ఇక పన్ను లోపల ఏమి జరుగునో కొంచెము చెప్పెదను. పన్ను మనకు రాయివలె కనబడును గాని అది రాయి కాదు. పైనున్నది ఎనామెల్ అను గాజువంటి గట్టిపూత. మన దేహమునందు అంతకంటె గట్టి పదార్థము లేదు. దాని క్రింద డెంటిన్ అను పసుపుచాయ గల పొర. నడుమ, వేరు కొనవరకు సన్నని గొట్టమువలె సాగిన గదియందు మెత్తని దంతమజ్జ యుండును. వేరుకొన యందలి సూదిబెజ్జమంత ద్వారమున నెత్తురును నరమును లోనికి వచ్చి ఆ మజ్జను బ్రతికించుచుండును. డెంటిన్ పొర పైకి గట్టిగ తోచినను దానినిండ కంటికి కనరాని సూక్ష్మనాళములు కలవు. ఒక్క చదరపు మిల్లీమీటరు మేర యందే అవి పదివేలలో లెక్కకు వచ్చును.

పంటికి బలమైన దెబ్బ తగిలినప్పుడు ఆ సన్నని ద్వారమువద్ద నెత్తుటిదారి తెగవచ్చును. లోపల చిట్లిన నెత్తురునకు బయటికి పోవు త్రోవ లేదు. అది ఆ సూక్ష్మనాళములలోనికి ఇంకును. నెత్తుటిలోని ఎర్రకణములు పగిలి, వానియందలి ఇనుము వేరుపడి, క్రుళ్లిన మజ్జనుండి పుట్టు గంధకపు వాయువుతో కలసి నల్లని పదార్థమగును. పుప్పి లోతుగ పోయి మజ్జ చచ్చినప్పుడును ఇట్లే రంగు మారవచ్చును. మరికొందరికి, పూర్వము వేరుచికిత్స చేసినప్పుడు గదిమూలలయందు మజ్జతునుకలు మిగిలిపోవుటవలనను, లోన నింపిన వెండిమిశ్రమమువంటి పదార్థములవలనను పన్ను నలుపెక్కును.

కరెంటు రాని దినములలో మన యిండ్లలోని లాంతర్లు మీకు జ్ఞాపకముండును. చిమ్నీ లోపల మసి పట్టినప్పుడు బయట ఎంత తుడిచినను వెలుగు రాదు. గుడ్డను గాజు లోపలికి పోనీయవలెను. చచ్చిన పన్ను ఆ చిమ్నీవంటిది. మసి లోపలిది. బొగ్గుపొడి, ఇటుకపొడి, పిడకల బూడిద, ఉప్పు, నిమ్మరసము, ఇవి యన్నియు బయట తోముటకే. తోమగా తోమగా లోపలి నలుపు పోదు సరికదా, పైనున్న గాజుపూత అరిగి క్రింది పొర మరింత బయటపడును. నిమ్మపులుసు ఆ పూతను కరగించును. ఒకసారి అరిగిన ఎనామెల్ గోరువలె, వెండ్రుకవలె మరల పెరుగునది కాదు. ఈ సంగతి మన యిండ్లలో ఆడపిల్లలకు తప్పక తెలుపవలెను. వారే గుట్టుగ ఈ ప్రయోగములన్నియు చేయుచుందురు.

ఆడపిల్లల మాట వచ్చినది గనుక రెండవ ముచ్చట చెప్పెదను. మా తమ్ముని కూతురు పండ్రెండవయేట సైకిలుమీదనుండి పడినది. ఆ దెబ్బకు పైవరుసలో నడుమ పన్ను ఒకటి కాలక్రమమున నల్లబడినది. చదువు ముగిసి పెండ్లిమాటలు వచ్చినప్పుడు, చూడవచ్చినవారిలో కొంత సంస్కృతము తెలిసిన పెద్దమనిషి ఒకరు, శ్యావదంతము పూర్వజన్మపాపఫలమని శాస్త్రమున నున్నది గదాయని మెల్లగ అనిరి. ఆ మాట పిల్ల చెవిని పడినది. ఆ రాత్రి అది నా దగ్గరకు వచ్చి, "పెద్దనాయనా, నేనేం పాపం చేసిన?" అని అడిగినది.

ఆ పెద్దమనిషి చెప్పినది లేనిమాట కాదు. పూర్వజన్మమున సురాపానము చేసినవానికి పండ్లు నల్లబడునని మనుస్మృతియందు కలదు. నల్లపండ్లవానిని శ్రాద్ధభోజనమునకు పిలువరాదనియు అందే కలదు. కాని అదే సంస్కృతభాషలో మరియొక ఋషివాక్యము కూడ కలదు. సుశ్రుతుడు తన సంహితలో దంతరోగములను చెప్పుచు, నెత్తురుతో కూడిన పిత్తముచేత దగ్ధమై నల్లనిదిగనో నీలముగనో మారిన పంటిని శ్యావదంతకమని పేర్కొనెను. అచట పాపము ప్రసక్తి లేదు. సుర ప్రసక్తి లేదు. నెత్తురు మాత్రము కలదు. నేటి వైద్యులు సూక్ష్మదర్శనితో చూచి చెప్పుచున్న నెత్తుటి మాటను ఆయన ఆ కాలముననే ఊహించుట ఆశ్చర్యకరము. ఐతే ఆయన దీనిని సాధ్యము కాని రోగములలో చేర్చెను. నాటి పరికరములతో పంటి లోపలికి పోవు దారి లేదు. నేడు ఆ దారి కలదు. ఈ రెండు వాక్యములలో దేనిని పిల్లకు చెప్పవలెనో నిర్ణయించుకొనుటకు నాకు ఎక్కువసేపు పట్టలేదు.

వైద్యునివద్దకు పోవుటకు ముందు ఒక వివేచన చేసికొనవలెను. నల్లబడిన ప్రతి పన్నును చచ్చినది కాదు. పండ్లు చాలవాటికి, రెండు ప్రక్కలను సమానముగ, సున్నపుమచ్చలో గోధుమచారలో ఉన్నచో అది చిన్ననాడు త్రాగిన నీటియందలి ఫ్లోరైడు ఫలము కావచ్చును. మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాయందు ఈ వ్యాధిని గూర్చి 1937లో వైద్యులు ప్రకటించిరి. మన రాష్ట్రమున నల్లగొండ ఇందులకు పేరుపడినది. పండ్లసందులలోను, చిగురు అంచులలోను నలుపు పట్టినచో అది పొగాకు, జర్దా, తమలపాకులవలన వచ్చిన పైమరక. దంతవైద్యుడు శుభ్రపరచిన పోవును. చిన్నతనమున వాడిన టెట్రాసైక్లిన్ మందువలన పండ్లన్నిటికిని అడ్డపట్టెలు రావచ్చును. దెబ్బ తగిలిన ఒక్క పన్ను నల్లగ గాక పసుపుగ మారినచో, లోని గది సున్నముతో పూడుకొనుచుండవచ్చును. అట్టిది తరచు బ్రతికియే యుండును. గులాబివన్నె లోపలనుండి కనబడినచో పన్ను లోన కరగుచున్నదని అనుమానించి ఆలస్యము చేయరాదు. దెబ్బ తగిలిన వెంటనే బూడిదవన్నెకు తిరిగిన పన్ను ఒక్కొక్కప్పుడు మరల కోలుకొనుటయు కలదు. కనుక రంగును మాత్రమే చూచి తీర్పు చెప్పరాదు.

తీర్పు చెప్పుటకు పరీక్షలు కలవు. వైద్యుడు చల్లని మందును పంటికి తాకించి అది తెలియుచున్నదా యని అడుగును. ప్రక్కపంటితో పోల్చి చూచును. కొద్దిపాటి విద్యుత్తుతో పరీక్షించును. ఎక్సురే తీసి వేరుకొనవద్ద ఎముక చెడినదేమో చూచును. పన్ను చచ్చినదని తేలినచో మొట్టమొదటి పని తెల్లబరచుట కాదు, వేరునాళచికిత్స. దీనినే రూట్ కెనాల్ అందురు. పంటివెనుక చిన్నద్వారము చేసి, చచ్చిన మజ్జను తీసి, నాళమును కడిగి, గట్టాపెర్చా అను రబ్బరువంటి పదార్థముతో నింపి మూయుదురు. ఈ పని సరిగ జరిగిన పిదపనే రంగుమాట. పునాది క్రుళ్లుచుండగా గోడకు సున్నము కొట్టించు గృహస్థు ఉండడు గదా!

ఇప్పుడు మార్గములను ఒక్కొక్కటిగ చెప్పెదను.

మొదటి మార్గము ఊరకుండుట. వేరుచికిత్స జరిగి పన్ను ఆరోగ్యముగ నున్నప్పుడు నలుపువలన దేహమునకు హాని లేదు. వయస్సు మీరినవారికి, రంగునుగూర్చి చింత లేనివారికి ఇది న్యాయమైన మార్గమే. నా వంటివాడు దీనినే యెన్నుకొనును.

రెండవది బయటనుండి తెల్లబరచుట. పండ్లకు పైనుండి పూయు లేపనములు పండ్లన్నిటికిని కొంత తెలుపు తెచ్చును గాని, చచ్చిన పంటి లోపలి మసికి చాలవు. ఒక్కొక్కప్పుడు తక్కిన పండ్లు మరింత తెల్లబడి ఆ ఒక్కటి ఇంకను నల్లగ తోచును.

మూడవది లోపలనుండి తెల్లబరచుట. నా అభిప్రాయమున నేడు మీరు ముఖ్యముగ వినదగినది ఇదియే. ఇది క్రొత్తది కాదు. 1864 ప్రాంతముననే ట్రూమన్ అను దంతవైద్యుడు సున్నముతో కూడిన క్లోరిన్ మందుతో చచ్చిన పండ్లను తెల్లబరచెను. 1961లో స్పాసర్ అనునతడు సోడియం పెర్బోరేటు పొడిని నీటితో కలిపి పంటిగదిలో నుంచి మూసి పంపు పద్ధతిని ప్రకటించెను. 1963లో నటింగ్, పో అను వారు ఆ పొడికి నీటికి మారుగ హైడ్రోజన్ పెరాక్సైడును చేర్చిరి. రోగి తన పనులమీద తిరుగుచుండగా మందు లోపల తన పని తాను చేయును గనుక దీనికి వాకింగ్ బ్లీచ్ అని పేరు వచ్చెను. ఆ మందునుండి వెలువడు ఆమ్లజని, పెద్దవియై రంగు గలిగిన అణువులను రంగులేని చిన్నతునుకలుగ విరుగగొట్టును. చాకలి సవుడులో నానవేసిన గుడ్డనుండి మరక విడివడినట్లే యనుకొనుడు. ఎంత గట్టిగ రుద్దితిమన్నది కాదు, మందు ఎంతవరకు ఇంకినదన్నది ముఖ్యము.

ఇందు ఒక జాగ్రత్త ప్రాణమువంటిది. మందు నింపుటకు ముందు, నాళమున నింపిన పదార్థముపై సుమారు 2 మిల్లీమీటర్ల మందమున సిమెంటుకట్ట వేయవలెను. చెరువునకు కట్ట యెట్లో దీనికి ఇది యట్లు. ఆ కట్ట లేనిచో మందు వేరువైపు ఊరి, చిగురు దగ్గర పన్ను బయటినుండి కరగు ఉపద్రవము కలుగవచ్చును. 1979లో హారింగ్టన్, నాట్కిన్ అను వైద్యులు ఇట్టి కేసులను బయటపెట్టిరి. నూటికి 30 పాళ్లు గల ఘాటైన పెరాక్సైడును వేడిచేసి వాడినచోటనే ఈ భయము హెచ్చు. అందువలన నేడు వేడి వాడుటను మాని, మెత్తని మందులను వాడుచున్నారు. ఐరోపాలో పెర్బోరేటునకు బదులు కార్బమైడ్ పెరాక్సైడు వంటివి వాడుచున్నారు. ఉపద్రవము అరుదైనను, పిదప కూడ అప్పుడప్పుడు ఎక్సురే తీయించుట మంచిది.

ఈ మార్గమువలన లాభమేమి? పంటిని అరుగదీయనక్కరలేదు. ఉన్న పన్ను ఉన్నట్లే యుండును. తొడుగుకంటె సాధారణముగ వ్యయము తక్కువ. లోపమేమి? పూర్తిగ ప్రక్కపంటి రంగు వచ్చునని మాట యీయజాలరు. లోహమువలన కలిగిన నలుపు సులభముగ లొంగదు. కొన్నియేండ్లకు మరల కొంత నలుపు తిరుగవచ్చును. అప్పుడు మరల చేయవచ్చును. పన్ను చాలవరకు విరిగినను, పెద్ద పుప్పి తినినను ఇది చాలదు. గర్భిణీస్త్రీలు ప్రసవము తరువాతకు వాయిదా వేసికొనుట మేలు.

నాలుగవది పంటి ముందుభాగమున పలుచని పలక అతికించుట. దీనిని వెనీర్ అందురు. పంటిరంగు గల కాంపోజిట్ పదార్థముతోనో, పింగాణితోనో చేయుదురు. ఇందులకు పైపూతను తరచు అరమిల్లీమీటరు పాటి తీయవలసివచ్చును. పలక పలుచన గనుక క్రింది నలుపు దానిగుండ తొంగిచూచును; కాబట్టి ముందు లోపలినుండి తెల్లబరచి, పిదప పలక అతికించుట తెలివి.

ఐదవది తొడుగు. క్రౌన్ అనియు క్యాప్ అనియు అందురు. ఇందులకు పంటిని నలుదిక్కులను మిల్లీమీటరు, ఒకటిన్నర మిల్లీమీటర్ల వరకు అరుగదీయుదురు. విరిగిన పంటికి, గోడలు పలుచబడిన పంటికి ఇది రక్షకవచము. కాని గట్టిగ నున్న ముందుపంటిని రంగుకొరకు మాత్రమే ఇట్లు చెక్కించుట తొందరపాటు. చెక్కిన పన్ను మరల పూర్వరూపము పొందదు. లోపల లోహము గల తొడుగు అంచున, ఏండ్లు గడచి చిగురు జారినప్పుడు, నల్లని గీత కనబడుటయు కలదు.

ఆరవది, కడపటిది, పన్ను తీయించి క్రొత్తది పెట్టించుట. వేరు చీలినను, ఎముక మిగులకున్నను తప్పదు. అప్పుడు తీసిపెట్టుకొను కట్టుడుపన్నో, ప్రక్కపండ్ల ఆధారమున నిలుచు వంతెనయో, దవడఎముకలో మరవలె బిగించు ఇంప్లాంటో వేయుదురు. దవడ పెరుగుదల పూర్తి కాని పిల్లలకు ఇంప్లాంటు వేయరు. పన్ను తీసినచోట ఎముక కాలక్రమమున కృశించును. కనుక వేరు నిలువగలిగినంతకాలము నిలుపుటయే ధర్మము.

ఈ ఆరింటిని నేను ఈ వరుసలో చెప్పుటకు కారణము కలదు. మొదటివి మార్చుకొనదగినవి; కడపటివి మార్చుకొనరానివి. తెల్లబరచి చూచి చాలదనుకొన్నచో తొడుగు వేయించుకొనవచ్చును. తొడుగునకై చెక్కిన పిదప తెల్లబరచుటకు వెనుకకు రాలేము.

మా పిల్ల విషయమున బంధువులు తలకొకటి చెప్పిరి. ఒకరు పీకించి క్రొత్తది వేయింపుమనిరి. ఒకరు నాలుగు పండ్లకును కలిపి తొడుగులు వేయించిన చూడ ముచ్చటగ నుండుననిరి. కామారెడ్డిలో పట్టభద్రుడైన దంతవైద్యుని యొద్దకు పోతిమి. ఎక్సురేలో వేరుకొనవద్ద చిన్న నల్లమచ్చ కనబడెను. పదియేండ్లుగ నొప్పి లేని పన్ను! బోరింగు దెబ్బ తినిన ఆ బాలుడు నాకు ఆక్షణమున జ్ఞప్తికి వచ్చెను. ఇంకను ఎముక మిగిలి యున్నది గనుక పన్ను దక్కును అని వైద్యుడు చెప్పినప్పుడు నాకు కన్నులు చెమ్మగిల్లెను. వేరుచికిత్స ముగిసి, అది కుదుటబడిన పిదప, లోపల మందు పెట్టిరి. వారమునకొకసారి చొప్పున మూడుమారులు మార్చిరి. మొదటి వారము మాకేమియు తోచలేదు. రెండవ వారము బూడిదవన్నె తగ్గెను. మూడవ వారము ప్రక్కపంటికంటె ఒక్క చాయ తక్కువగ వచ్చి నిలిచెను. వైద్యుడు అచటితో ఆపి, మందు ప్రభావము తీరుటకు రెండువారములు గడువిచ్చి, పంటిరంగు పదార్థముతో ద్వారము మూసెను. ఇప్పటికిని దగ్గరనుండి పరికించి చూచిన తేడా తెలియును. కాని పరికించి చూచువారు లేరు. ఆ సంబంధము కుదరలేదు. అందులకు మేము విచారింపలేదు. పిల్ల మాత్రము చేయి అడ్డము పెట్టుకొనక నవ్వుచున్నది.

మీ గ్రామమువారికి మీరు చెప్పవలసిన మాటలు కొన్ని కలవు. సంతలోను, బస్టాండువద్దను, అరగంటలో పన్ను పెట్టెదమని కూర్చుండువారిని నమ్మరాదు. 1948 నాటి దంతవైద్యుల చట్టము వచ్చినప్పటినుండి పేరు నమోదైన వైద్యుడే ఈ పని చేయవలెనను నియమము కలదు. వైద్యుని గోడమీది పట్టమును చూచుటలో తప్పు లేదు. వ్యయమునకు వెరచువారు ప్రభుత్వ ఆసుపత్రియందు విచారింపవచ్చును. హైదరాబాదులో ప్రభుత్వ దంతవైద్యకళాశాల కలదు. వైద్యుని మూడు ప్రశ్నలు అడుగుడు: పన్ను బ్రతికియున్నదా? వేరు ఆరోగ్యముగ నున్నదా? చెక్కకుండ తెల్లబరచుటకు వీలగునా? ఈ మూడింటికి ఓపికతో సమాధానము చెప్పు వైద్యుని చేతిలో మీ పిల్లను ఉంచవచ్చును.

పాలపండ్ల సంగతి వేరు. దెబ్బ తగిలి నల్లబడిన పాలపంటిని తెల్లబరచ నక్కరలేదు. పైవరుస ముందుపండ్లు ఏడెనిమిదేండ్లకు రాలును. కాని దానిపై చీముపొక్కు లేచినచో, క్రింద పెరుగుచున్న శాశ్వతదంతమునకు హాని కలుగకుండ వైద్యునికి చూపవలెను.

ఇక బడిపంతుళ్లకు, అంగన్‌వాడి కార్యకర్తలకు ఒక్క మాట. శాశ్వతదంతము దెబ్బకు ఊడి పడినచో పారవేయకుడు. వేరు తాకక, పైభాగమున పట్టుకొని, మన్ను అంటినచో పాలతోనో మంచినీటితోనో క్షణకాలము కడిగి, రుద్దక, సందులోనే మరల నిలిపి, గుడ్డ కరపించి, వైద్యునివద్దకు పరుగెత్తుడు. నిలుపుటకు చేతగానిచో పాలలో వేసి తీసికొనిపోవుడు. అరగంటలోపల చేరిన మేలు. గంట దాటినకొలది ఆశ సన్నగిల్లును. పాలపంటిని మాత్రము మరల పెట్టరాదు. దెబ్బ తగిలి ఊడని పంటిని కూడ ఆ వారములోనే చూపించి, పిదప నెలల తరబడి కనిపెట్టుచుండవలెను. బోరింగువద్ద నాకు ఈ నాలుగు మాటలు తెలిసియున్నచో ఒక పన్ను దక్కియుండెడిది.

మహాశయులారా! గ్రామమున పెద్దవాని మాటకు బరువు కలదు. ఎవరైన తండ్రి తన బిడ్డను వెంటబెట్టుకొని మీ యరుగువద్దకు వచ్చి పన్ను నల్లబడినదని చెప్పినప్పుడు, అది పాపమని అనకుడు, పీకించుమని తొందరపడకుడు. అన్నిటికంటె ముఖ్యముగ, నొప్పి లేదు గదా యను మాటను మీ నోట రానీయకుడు. ఆ మాట ఒకసారి నేనంటిని.

సెలవు.